నక్షత్రం గుండ్రంగా రావాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఆస్ట్రోఫోటోగ్రఫీ గురించే, అందులోనూ నక్షత్రాల ఆకారం గురించే. డిసెంబర్ నుంచి మార్చి దాకా బెంగళూరులో మబ్బులు తగ్గుతాయి కాబట్టి అందరూ మేడెక్కి టెలిస్కోప్ బయటికి తీస్తారు, తీసిన ఫోటో పెద్దది చేసి చూసుకుంటే చుక్కలు ఒకచోట కోడిగుడ్డులా, ఇంకోచోట తోకచుక్కల్లా కనపడతాయి, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. కొత్త లెన్స్ కొనాలా, కొత్త మౌంట్ (టెలిస్కోప్‌ని మోసి, నక్షత్రాల వెంట తిప్పే స్టాండ్) కొనాలా అని అడుగుతున్నారు. జవాబులు మొదలుపెట్టే ముందు అందరికీ కలిపి ఒక మాట. ఏ స్క్రూ ముట్టుకోకముందు, ఏ డబ్బూ ఖర్చు పెట్టకముందు, స్టాకింగ్ చెయ్యని, అంటే వేరే ఫోటోలతో కలపని ఒక్క ఫ్రేమ్ తీసుకుని, దాని మధ్య భాగాన్నీ నాలుగు మూలల్నీ పూర్తి సైజులో చూడండి. తప్పు ఎక్కడుందో ఆ ఐదు చోట్లా ఉన్న చుక్కలే చెబుతాయి. ఆకారం ఫ్రేమంతా ఒకేలా చెడిందా, మూలల్లోనే చెడిందా, ఒక్క మూలలోనే చెడిందా అన్నదాన్ని బట్టి మరమ్మతు పూర్తిగా మారిపోతుంది.

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు): నా దగ్గర 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న న్యూటోనియన్ (అద్దాల టెలిస్కోప్), పాత కెనాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నాయండీ. మూలల్లో నక్షత్రాలకి బయటివైపు తోకలు వస్తున్నాయి. ఒక మిత్రుడు చెబితే కోమా కరెక్టర్ కొన్నాను, కొంచెం తగ్గింది గానీ పోలేదు. ఇప్పుడు మధ్యలో ఉన్న చుక్కలు కూడా ఒక పక్కకి సాగినట్టు అనిపిస్తోంది. కరెక్టర్ నాసిరకమా?

జవాబు: కరెక్టర్‌ని అప్పుడే తప్పుపట్టకండి. మీరు చెప్పినదాంట్లో రెండు వేర్వేరు సమస్యలు కలిసి ఉన్నాయి, రెంటినీ విడదీస్తే రెండూ మీ చేతిలోనే తీరతాయి.

మొదటిది కోమా. పారాబొలా అద్దం సరిగ్గా మధ్యలో ఉన్న నక్షత్రాన్ని మాత్రమే చుక్కగా కూర్చగలదు, మధ్య నుంచి దూరం జరిగే కొద్దీ చుక్కకి బయటివైపు తోక పెరుగుతుంది. ఇది అద్దం తయారీలో లోపం కాదు, ఆ ఆకారానికి ఉన్న స్వభావమే అంత. మీది ఎఫ్/5 (ఫోకల్ లెంగ్త్‌ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది), మీ కెమెరా సెన్సర్ మూల మధ్య నుంచి సుమారు 13 మి.మీ. దూరంలో ఉంటుంది, లెక్క వేస్తే అక్కడ తోక పొడవు 30 ఆర్క్‌సెకండ్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకండ్) దాకా వస్తుంది. 4.3 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరా అయితే మీ టెలిస్కోప్‌తో ఒక్కో పిక్సెల్ 1.36 ఆర్క్‌సెకండ్లు చూస్తుంది, అంటే తోక ఇరవై పిక్సెళ్లు దాటుతుంది. అందుకే అంత స్పష్టంగా కనబడుతోంది. తమిళనాడులో జవ్వాదు కొండల మీద కావలూరులో ఉన్న 2.34 మీటర్ల వేణు బాపు టెలిస్కోప్‌కి కూడా ఈ బాధ తప్పలేదు, దాని ప్రధాన అద్దం ఎఫ్/3.25, కాబట్టి ప్రైమ్ ఫోకస్ (ప్రధాన అద్దం కాంతి నేరుగా కూడే చోటు) దగ్గర కరెక్టర్ లెన్సులు పెట్టాల్సి వచ్చింది. (టెలిస్కోప్‌కి పేరిచ్చిన ఆ ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు నాన్నగారు హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసినవారే. మన ఊళ్లలో ఆకాశం చూసేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని ఉండాలని నా కోరిక.)

రెండోది కొలిమేషన్, అంటే అద్దాల వరస. మధ్యలో చుక్క కూడా ఒకవైపుకి సాగిందంటే అనుమానం ముందు దీని మీదికే వెళ్లాలి. అద్దాలు వరసలో లేకపోతే కోమా లేని ఆ చిన్న ప్రాంతం ఫ్రేమ్ మధ్యలో ఉండకుండా ఎటో జరిగిపోతుంది, అప్పుడు ఒక పక్క మూలలు బాగుంటాయి, ఎదుటి పక్క మూలలు మరీ ఘోరంగా ఉంటాయి. కోమా కరెక్టర్ పని చెయ్యాలంటే దాని మధ్య గీత, అద్దం మధ్య గీత కలవాలి. కలవకపోతే ఎంత ఖరీదైన కరెక్టర్ అయినా సగమే సరిచేస్తుంది.

కాబట్టి వరస ఇది. కరెక్టర్ తీసెయ్యండి, కెమెరా తీసెయ్యండి. సన్న రంధ్రం ఉన్న కొలిమేషన్ క్యాప్ ఫోకసర్‌లో (కెమెరా బిగించే గొట్టంలో) పెట్టి చూడండి. ముందు సెకండరీ అద్దం (కాంతిని పక్కకి మళ్లించే చిన్న అద్దం) ఫోకసర్ గొట్టం కింద సరిగ్గా మధ్యలో, గుండ్రంగా కనబడాలి. పక్కకి ఉంటే మధ్య స్క్రూతో ముందుకీ వెనక్కీ జరపాలి, తిప్పాలి. ఈ ఒక్క పని చాలామంది ఎగరగొడతారు, ఎందుకంటే లేజర్ దీన్ని చూపించదు. లేజర్ చుక్క మధ్యలో పడుతోంది కదా అనుకుంటారు, కానీ సెకండరీ పక్కకి జరిగి ఉండి, వంపుతో ఆ తప్పుని కప్పేసినా లేజర్ మధ్యలోనే పడుతుంది. తర్వాత సెకండరీ వంపు స్క్రూలు తిప్పి, ప్రైమరీ అద్దాన్ని (అడుగున ఉన్న పెద్ద అద్దాన్ని) పట్టుకునే మూడు క్లిప్పులూ సమంగా కనబడేలా చెయ్యండి. ఆఖరున టెలిస్కోప్ వెనక ఉన్న స్క్రూలతో ప్రైమరీని వంచి, అద్దం మధ్యలో అంటించిన రింగు క్యాప్ రంధ్రం ప్రతిబింబం చుట్టూ వచ్చేలా తేవాలి. అవసరమైతే ఇదంతా మళ్లీ మొదటి నుంచి ఒకసారి.

లేజర్ వాడితే ఒక పరీక్ష తప్పనిసరి. లేజర్‌ని ఫోకసర్‌లోనే మెల్లగా గుండ్రంగా తిప్పి చూడండి. అవతల ప్రైమరీ మీద పడే ఎర్ర చుక్క నిలబడాలి. అది కూడా చిన్న వృత్తం గీస్తే లేజరే వంకర, లేదా ఫోకసర్‌లో వదులుగా కూర్చుంది. అలాంటి లేజర్‌తో ఎంత ఓపికగా సరిచేసినా తప్పు కొలతకే సరిచేసినట్టు. ఇంకో మాట, టెలిస్కోప్‌ని నేలకి సమాంతరంగా పెట్టి సరిచేసి తర్వాత నడినెత్తికి ఎత్తితే అద్దం తన గూట్లో కొంచెం జరగొచ్చు, అందుకని మీరు ఫోటో తీసే ఎత్తుకి దగ్గరగా పెట్టి చివరి సర్దుబాటు చెయ్యండి.

ఇది అయ్యాక కరెక్టర్ పెట్టండి, ఇప్పుడు దూరం సంగతి. చాలా కరెక్టర్లకి వెనక మర నుంచి సెన్సర్ దాకా 55 మి.మీ. ఉండాలని చెబుతారు, మీ దాని కాగితం మీద ఏముందో చూసుకోండి. కెనాన్ ఈఎఫ్ మౌంట్ అంచు నుంచి సెన్సర్‌కి 44 మి.మీ., మామూలు టీ-రింగ్ (కెమెరాని కరెక్టర్‌కి కలిపే రింగు) 11 మి.మీ., మొత్తం 55. నికాన్ ఎఫ్ అయితే 46.5, దాని టీ-రింగ్ 8.5. ఇది చూసి సరిపోయిందిలే అని వదిలెయ్యకండి, టీ-రింగ్ మందాన్ని వెర్నియర్‌తో కొలవండి. మధ్యలో లైట్ పొల్యూషన్ ఫిల్టర్ పెట్టారా? గాజు తన మందంలో మూడో వంతు ఫోకస్‌ని వెనక్కి నెడుతుంది, 3 మి.మీ. గాజు అయితే 1 మి.మీ. దూరం పెంచాలి. కెనాన్ మిర్రర్‌లెస్‌కి మారినవాళ్లకి ఇంకో చిక్కు: ఆర్ఎఫ్ మౌంట్‌లో ఆ 44 మి.మీ. కాస్తా 20 అయింది, మిగతా 24 మి.మీ. అడాప్టర్‌తో నింపాలి.

దూరం తప్పితే గుర్తు ఎలా? మామూలుగా సెన్సర్ మరీ దగ్గరగా ఉంటే నాలుగు మూలల్లోనూ చుక్కలు మధ్య నుంచి బయటికి చిమ్మినట్టు సాగుతాయి. మరీ దూరంగా ఉంటే మధ్య చుట్టూ తిరుగుతున్నట్టు, వలయాకారంలో సాగుతాయి. కొన్ని కరెక్టర్లలో ఇది తారుమారు కావచ్చు, అందుకే అర మి.మీ. స్పేసర్ రింగు ఒకటి వేసి చూడటమే నమ్మకమైన దారి. మెరుగైతే ఇంకొంచెం వెయ్యండి, చెడితే తీసెయ్యండి. వెన్నెల రాత్రులు నెబ్యులాలకి (ఆకాశంలోని వాయు మేఘాలకి) పనికిరావు కానీ ఈ పనికి చక్కగా పనికొస్తాయి.

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు): 80 మి.మీ. ఎఫ్/6 రిఫ్రాక్టర్ (లెన్సుల టెలిస్కోప్), ఫ్లాటెనర్ (మూలల్లో ఫోకస్ సమం చేసే లెన్స్), కూల్డ్ కెమెరా (సెన్సర్‌ని చల్లబరిచేది). దూరం 55 పక్కాగా కొలిచాను: కెమెరా 17.5, స్పేసర్లు 21, 16.5. మూడు మూలలు బాగున్నాయి, కింద కుడి మూలలో మాత్రం చుక్కలు ఉబ్బి సాగుతున్నాయి. ఫోకస్ మార్చితే అక్కడ బాగుపడి పై ఎడమ మూల చెడుతోంది.

జవాబు: మీరే సగం జవాబు రాశారు. ఫోకస్ మారిస్తే ఒక మూల బాగుపడి ఎదుటి మూల చెడిందంటే అది టిల్ట్, అంటే కాంతి ఫోకస్ అయ్యే తలం ఒకలా ఉంటే సెన్సర్ ఇంకోలా వాలి ఉంది. వాలు ఎంత చిన్నదైనా సరే ఫోటోలో తెలిసిపోతుంది. ఎఫ్/6 దగ్గర ఫోకస్ సరిగ్గా ఉన్నట్టు లెక్కేసే మందం మొత్తం సుమారు 0.1 మి.మీ., మామూలు ప్రింటర్ కాగితం మందం అంత. ఎఫ్/4 అయితే అందులో సగం కూడా ఉండదు.

ఇప్పుడు తెలుసుకోవలసింది ఆ వాలు ఎక్కడ ఉందన్నది. టెలిస్కోప్‌ని ఒకే దిశలో ఉంచి, కెమెరాని 180 డిగ్రీలు తిప్పి ఇంకో ఫోటో తియ్యండి. చెడ్డ మూల ఫోటోలో మళ్లీ కింద కుడివైపే ఉంటే, వాలు కెమెరాతో పాటు తిరిగింది కాబట్టి తప్పు సెన్సర్‌లోనో కెమెరాకి ముందున్న స్పేసర్లలోనో ఉంది. చెడ్డ మూల పై ఎడమకి వెళ్లిపోతే తప్పు టెలిస్కోప్ వైపు ఉంది, ఎక్కువసార్లు ఫోకసర్‌లో. ఏ భాగం దగ్గర తిప్పుతున్నారో గమనించుకోండి, ఆ కీలుకి వెనక ఉన్నవన్నీ తిరుగుతాయి, ముందున్నవి తిరగవు.

టెలిస్కోప్ వైపు అయితే ముందు చూడవలసింది బిగింపు. 2 అంగుళాల గొట్టాన్ని ఒక్క స్క్రూతో బిగిస్తే ఆ స్క్రూ కెమెరాని పక్కకి తోస్తుంది, గొట్టం అవతలి గోడకి ఆనుకుంటుంది, మొత్తం వాలిపోతుంది. మర బిగింపులు ఉన్న అడాప్టర్‌కి మారితే చాలామందికి ఇక్కడితోనే తీరిపోతుంది. లేకపోతే ఫోకసర్ వదులు. కూల్డ్ కెమెరా బరువు, దానికి వేలాడే కేబుల్ బరువు కలిసి డ్రాట్యూబ్‌ని (ఫోకసర్‌లో లోపలికీ బయటికీ జరిగే గొట్టాన్ని) కిందికి లాగుతాయి. కెమెరాని చేత్తో మెల్లగా పైకి కిందికి ఒత్తి చూస్తే కదలిక తెలుస్తుంది. టెన్షన్ స్క్రూ సరిచేసి, కేబుల్‌ని ట్యూబ్‌కి వెల్క్రోతో కట్టేయండి. టెలిస్కోప్ తూర్పుకి ఉన్నప్పుడు ఒక మూల, మెరిడియన్ (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి వెళ్లే గీత) దాటి పడమరకి తిరిగాక ఇంకో మూల చెడుతోందంటే అది కచ్చితంగా ఫోకసర్ వాలడమే, అలాంటప్పుడు సెన్సర్ స్క్రూలు ముట్టుకోవద్దు.

కెమెరా వైపే అని తేలితే చాలా కూల్డ్ కెమెరాలకి ముందు టిల్ట్ ప్లేట్ ఉంటుంది, అలెన్ కీతో తిప్పే మూడు జతల స్క్రూలు. ఒకసారి ఒక్క స్క్రూ, పావు వంతు తిప్పు, మళ్లీ ఫోటో. ఆస్టాప్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రేమ్‌లో ఏ మూల ఎంత వాలిందో కొలిచి బొమ్మలాగా చూపిస్తుంది. కంటితో అంచనా వేసేకంటే అది మేలు. దాంట్లో కొంచెం టిల్ట్ చూపించినా ఫోటోలో మీకు తేడా తెలియకపోతే అక్కడ ఆపండి, సున్నా వచ్చేదాకా తిప్పుతూ కూర్చోకండి.

ప్రశ్న (యెలహంక, బెంగళూరు): అన్నా, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నుంచి తీస్తాను. గైడింగ్ (చిన్న కెమెరాతో ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్‌ని సరిదిద్దడం) గ్రాఫ్ బాగుంటుంది, ఒక్క ఆర్క్‌సెకండ్ లోపే. అయినా 3 నిమిషాల ఫోటోల్లో అన్ని నక్షత్రాలూ ఒకే వైపు కొంచెం సాగుతున్నాయి. కొలిమేషన్ చేశాను, మారలేదు.

జవాబు: తమ్ముడూ, ఫ్రేమంతా ఒకే వైపుకి, ఒకే పొడవు సాగిందంటే ముందు అద్దాలని వదిలెయ్యి. ఒక చిన్న పరీక్ష చెయ్యి: అదే చోట 2 సెకండ్ల ఫోటో ఒకటి, 3 నిమిషాల ఫోటో ఒకటి. చిన్నదాంట్లో గుండ్రంగా ఉండి పెద్దదాంట్లో సాగితే తప్పు ట్రాకింగ్‌లో ఉన్నట్టు. రెండింట్లోనూ ఒకేలా సాగితే అప్పుడు మళ్లీ అద్దాల దగ్గరకి రావాలి.

నీది మొదటి రకమే అనుకుంటున్నాను, గ్రాఫ్ బాగుండి ఫోటో బాగోలేదంటే అర్థం గైడ్ కెమెరా తన నక్షత్రాన్ని సరిగ్గానే పట్టుకుంది కానీ పెద్ద టెలిస్కోప్ దాంతో పాటు కదలడం లేదని. రెంటికీ మధ్య ఏదో మెల్లగా వంగుతోంది. దీన్ని డిఫరెన్షియల్ ఫ్లెక్షర్ అంటారు. గంటసేపు తీసిన ఫోటోలు వరసగా పెట్టి వేగంగా తిప్పి చూడు, నక్షత్రాలన్నీ ఒకే దిక్కుకి నెమ్మదిగా జరిగిపోతుంటే అనుమానం అక్కర్లేదు. గైడ్ స్కోప్‌ని ప్లాస్టిక్ మొన ఉన్న సన్న స్క్రూల రింగుల్లో పెట్టి ఉంటావు, అవి తీసేసి గట్టిగా పట్టే రింగులు వెయ్యి. గైడ్ కెమెరా దాని గొట్టంలో వదులుగా ఉందేమో చూడు. వేలాడే కేబుళ్లు కట్టెయ్యి, అవి టెలిస్కోప్ తిరిగే కొద్దీ ఒక్కోవైపు లాగుతాయి. ఇంత చేసినా పోకపోతే ఆఫ్-యాక్సిస్ గైడర్ దారి, అది అదే టెలిస్కోప్ కాంతిలోంచి చిన్న ముక్క తీసుకుని గైడ్ చేస్తుంది కాబట్టి ఈ గొడవే ఉండదు. కానీ దానికి కూడా 55 మి.మీ. లెక్కలో చోటు ఇవ్వాలి, మర్చిపోవద్దు.

పోలార్ అలైన్‌మెంట్, అంటే మౌంట్ తిరిగే అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు గురిపెట్టడం, తప్పితే ఆకారం వేరు. గైడ్ నక్షత్రం దగ్గర చుక్కలు గుండ్రంగా ఉండి, దూరం వెళ్లే కొద్దీ దాని చుట్టూ వంపు తిరిగిన చిన్న గీతలవుతాయి. గైడింగ్ జారుడుని ఆపగలదు, ఫ్రేమ్ తిరగడాన్ని ఆపలేదు. గైడింగ్ లేకపోతే జారుడు ఎంతో లెక్క కూడా తేలికే: అక్షం 1 ఆర్క్‌మినిట్ (డిగ్రీలో 60వ వంతు) తప్పితే నిమిషానికి గరిష్ఠంగా 0.26 ఆర్క్‌సెకండ్లు. 10 ఆర్క్‌మినిట్ల తప్పుతో 5 నిమిషాల ఫోటో తీస్తే 13 ఆర్క్‌సెకండ్లు జారిపోతుంది.

టెర్రస్ అన్నావు కాబట్టి ఇంకోటి. అపార్ట్‌మెంట్ స్లాబ్ మీద నువ్వు నడిచినా ట్రైపాడ్‌కి తెలుస్తుంది, సంప్ మోటార్ ఆన్ అయితే ఇంకా బాగా తెలుస్తుంది. అలాంటప్పుడు చుక్కలు సాగవు, రెండేసి చుక్కలుగానో చిన్న వంకర గీతగానో వస్తాయి. ఫోటో నడుస్తున్నంతసేపు ట్రైపాడ్‌కి దూరంగా కూర్చో, ట్రైపాడ్ కాళ్లు వీలైతే స్తంభం లేదా బీమ్ మీదుగా వచ్చేచోట పెట్టు, స్లాబ్ మధ్యలో వద్దు.

ప్రశ్న (మైలాపూర్, చెన్నై): ధ్రువ నక్షత్రం మాకు కనబడదండీ. ఉత్తరం వైపు ఎదురుగా భవనం, కనబడే కాస్త సందులో మసక. పోలార్ అలైన్‌మెంట్ ఎలా చెయ్యాలి?

జవాబు: మీకూ బెంగళూరు వాళ్లకీ ఇది ఒకటే బాధ. రెండు ఊళ్లూ సుమారు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి ధ్రువ నక్షత్రం దిగంతానికి 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంత కిందన గాలి మందం ఎక్కువ, వాతావరణం కాంతిని వంచడం వల్లే అది 4 ఆర్క్‌మినిట్లు పైకి లేచి కనబడుతుంది. యూరప్ వాళ్లు రాసిన పద్ధతులు మనకి సగం పనికిరాకపోవడానికి కారణం ఇదే.

లాప్‌టాప్, కెమెరా ఉంటే నినా సాఫ్ట్‌వేర్‌లో మూడు చోట్ల ఫోటోలు తీసి అక్షం తప్పుని లెక్కించే ప్లగిన్ ఉంది, దానికి ధ్రువం కనబడనక్కర్లేదు, ఆకాశంలో ఏ ముక్క కనబడినా చాలు. అది నేను మొదట చెప్పే దారి.

అది వద్దనుకుంటే డ్రిఫ్ట్ పద్ధతి, పాతదే కానీ చాలా కచ్చితమైనది. దీనికి ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకి) దగ్గరగా ఉన్న నక్షత్రం కావాలి. చలికాలంలో ఓరయాన్ నక్షత్రమండలం నడుం మీద ఉన్న మూడు చుక్కల్లో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న మింటాకా సరిగ్గా ఆ రేఖని ఆనుకునే ఉంటుంది, దానికన్నా మంచి నక్షత్రం దొరకదు. అది నడినెత్తికి దగ్గరగా, మెరిడియన్ మీద ఉన్నప్పుడు గైడింగ్ ఆపేసి కొన్ని నిమిషాలు ఉత్తర దక్షిణాల జారుడు చూడండి. దక్షిణానికి జారితే మౌంట్ అక్షం తూర్పుకి ఎక్కువ తిరిగి ఉంది, ఉత్తరానికి జారితే పడమరకి. పక్కకి తిప్పే బోల్టులతో సరిచెయ్యండి. తర్వాత తూర్పు వైపు కాస్త పైకి వచ్చిన నక్షత్రం మీద అదే పని. దక్షిణానికి జారితే అక్షం కిందికి ఉంది, ఉత్తరానికి జారితే పైకి ఉంది. తూర్పు పడమరల జారుడు పట్టించుకోకండి, అది గేర్ల వల్ల వచ్చేది.

మన అక్షాంశంలో మౌంట్‌తోనే ఒక ఇబ్బంది ఉంది, ముందే చూసుకోండి. అక్షం ఇంత వాల్చితే కొన్ని మౌంట్లలో బరువుల కడ్డీ ఉత్తరం వైపు ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ట్రైపాడ్‌ని తిప్పి, కడ్డీ రెండు కాళ్ల మధ్యలోంచి ఊగేలా పెట్టడానికి మీ మౌంట్ వీలిస్తుందేమో చూడండి. మోటార్లు ఆన్ చెయ్యకముందే చేత్తో మొత్తం తిప్పి చూడండి, రాత్రి చీకట్లో కడ్డీ తగిలితే గేర్లు దెబ్బతింటాయి.

ప్రశ్న (ఎలక్ట్రానిక్ సిటీ, బెంగళూరు): పెద్ద నక్షత్రాలన్నీ మూడు కోణాలతో, త్రికోణంలా వస్తున్నాయి. ఫ్రేమంతా అలాగే ఉంది.

జవాబు: ప్రైమరీ అద్దాన్ని పట్టుకునే మూడు క్లిప్పులు మరీ బిగిసి ఉన్నాయి. అవి అద్దాన్ని నొక్కి దాని ఆకారాన్నే కొంచెం మారుస్తున్నాయి. చలి పెరిగిన రాత్రుల్లో ఎక్కువవుతోందంటే ఇక అనుమానమే లేదు, లోహం ముడుచుకుని ఇంకా బిగుస్తుంది. టెలిస్కోప్ వెనక భాగం ఊడదీసి, క్లిప్పుకీ అద్దానికీ మధ్య ఒక కాగితం జారేటంత వదులు చెయ్యండి. అద్దం కదిలి గలగలమనేటంత వదులు వద్దు. తర్వాత కొలిమేషన్ మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. రిఫ్రాక్టర్‌లో ఇలా వస్తే లెన్స్ సెల్ బిగుతు అది, దాన్ని మీరు విప్పకండి, అమ్మినవాళ్ల దగ్గరికి పంపండి.

ప్రశ్న (బనశంకరి, బెంగళూరు): ఒమెగా సెంటారీ (నక్షత్రాల గుచ్ఛం) తీస్తే చుక్కలకి ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు నీలం అంచు వస్తోంది, కొలిమేషన్ తప్పా?

జవాబు: కాదు. ఒమెగా సెంటారీ మన ఆకాశంలో ఎంత పైకొచ్చినా 30 డిగ్రీలే, అక్కడ గాలి పొర పట్టకంలా పనిచేసి రంగుల్ని విడదీస్తుంది. అది మెరిడియన్ దాటే సమయంలోనే తియ్యండి, స్టాకింగ్ అయ్యాక ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లని ఒకదాని మీద ఒకటి సరిగ్గా జరపండి, చాలావరకు పోతుంది. స్క్రూలు ముట్టుకోవద్దు.

ప్రశ్న (కె.ఆర్. పురం, బెంగళూరు): ఇప్పుడు నక్షత్రాల్ని గుండ్రంగా చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా, ఒక్క క్లిక్‌తో అయిపోతుంటే ఈ కొలిమేషన్లు, స్పేసర్లు ఎందుకండీ?

జవాబు: వాడండి, నేను వద్దనను, కొద్దిపాటి సాగుడుకి అవి బాగానే పనిచేస్తాయి. కానీ ఈ ప్రశ్నకి హబుల్ కథే జవాబు అని నా నమ్మకం. 1990లో హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ పైకి వెళ్లాక దాని 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా అరిగిందని తేలింది. కారణం ఏమిటంటే, అద్దాన్ని పరీక్షించే పరికరంలో ఒక లెన్స్ ఉండాల్సిన చోటు నుంచి 1.3 మి.మీ. పక్కన ఉంది. అద్దాన్ని ఎంతో నున్నగా, ఎంతో శ్రద్ధగా అరగదీశారు, తప్పు కొలతకి అరగదీశారు. (స్పేసర్ అర మి.మీ. తేడాకి ఏమవుతుందిలే అనేవాళ్లకి ఇది గుర్తుచేస్తుంటాను.)

నక్షత్రం కాంతిలో 70 శాతం దాకా నడిమధ్య చిన్న చుక్కలో పడాల్సింది, 15 శాతమే పడింది, మిగతాది చుట్టూ చెదిరిపోయింది. శాస్త్రవేత్తలు చేతులు కట్టుకుని కూర్చోలేదు, 1970లలో రిచర్డ్‌సన్, లూసీ విడివిడిగా చెప్పిన లెక్కల పద్ధతితో కంప్యూటర్లలో ఆ ఫోటోల్ని పదును చేశారు. ప్రకాశవంతమైన గ్రహాలకీ నక్షత్రాలకీ అది బాగా పనిచేసింది. మసకగా ఉన్న గెలాక్సీలకి పనిచెయ్యలేదు, ఎందుకంటే చెదిరిన కాంతి ఆకాశపు నేపథ్యంలోనూ నాయిస్‌లోనూ కలిసిపోతే దాన్ని ఏ లెక్కా వెనక్కి తేలేదు. అందుకే 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్లి సరిచేసే అద్దాలు, కొత్త కెమెరా బిగించి వచ్చారు.

మన బెంగళూరు ఆకాశంలో నేపథ్యం వెలుగు ఎంతో మీకు తెలుసు. నెబ్యులా అంచున ఉండే సన్న పొగలాంటి కాంతి ఆ వెలుగుతో ఇప్పటికే పోరాడుతోంది. దాన్ని వంకర అద్దాలతో నాలుగు పిక్సెళ్లకి పరిచేసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌ని పోగుచేసి ఇమ్మంటే అది చుక్కల్ని గుండ్రంగా గీసి ఇస్తుంది, పోయిన పొగని మాత్రం ఇవ్వదు. ముందు టెలిస్కోప్ సరిచెయ్యండి, మిగిలిన కొంచానికి సాఫ్ట్‌వేర్ వాడండి.

ప్రశ్న (హెబ్బాళ, బెంగళూరు): వారాంతాల్లో కోలారు వైపు చీకటి ఆకాశం కోసం కార్లో న్యూటోనియన్ తీసుకెళ్తాం. ప్రతిసారీ కొలిమేషన్ చెయ్యాలా?

జవాబు: ప్రతిసారీ చూడాలి, ప్రతిసారీ తిప్పనక్కర్లేదు. గుంతల రోడ్ల మీద, స్పీడ్ బ్రేకర్ల మీద వెళ్లొచ్చాక అద్దం కొంచెమైనా జరుగుతుంది, ఎక్కువగా ప్రైమరీయే. టెలిస్కోప్‌ని సీటు మీద అడ్డంగా, కింద దుప్పటి వేసి, బెల్టు పెట్టి తీసుకెళ్లండి, డిక్కీలో బ్యాగుల మధ్య కూరొద్దు. అక్కడ దిగగానే మూత తీసి బయట పెట్టండి, అద్దం బయటి చలికి వచ్చేదాకా గంటకి తగ్గకుండా పడుతుంది, ఈలోగా మౌంట్ సర్దుకోవచ్చు. ఇంకా కాస్త వెలుగు ఉండగానే క్యాప్ పెట్టి సెకండరీ చూసుకోండి, పూర్తిగా చీకటి పడితే ఆ పని కష్టం. ప్రైమరీని అద్దం చల్లబడ్డాక లేజర్‌తో చూడండి. లాక్ స్క్రూలు ఉంటే సర్దుబాటు అయ్యాక మెల్లగా బిగించి మళ్లీ ఒకసారి చూడండి, చాలాసార్లు ఆ బిగింపే అద్దాన్ని కదిలిస్తుంది. ఆఖరికి ఫోకస్ పెట్టి ఒక ప్రకాశవంతమైన నక్షత్రం మీద 5 సెకండ్ల ఫోటో తీసి మధ్య, నాలుగు మూలలు చూసుకుని అప్పుడు గైడింగ్ మొదలుపెట్టండి.